చెరువులో నీళ్లున్నాయి, ఒడ్డే లేదు

పట్టణం నడుమ చెరువు మిగిలి ఉంటే దాన్నేం చేయాలన్న ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో తిరిగి వస్తూనే ఉంటుంది. రాత్రికి రాత్రి మట్టి తోలి పూడ్చేసే రోజులు కోర్టు తీర్పుల పుణ్యమా అని కొంత తగ్గాయి. ఇప్పుడు నడుస్తున్నది సుందరీకరణ కాలం. నిలువుగా కాంక్రీటు గోడ, పైన రెయిలింగు, టైల్స్ పరిచిన నడక దారి, మధ్యలో రంగుల ఫౌంటెన్, నిధులు మిగిలితే నాలుగు పెడల్ బోట్లు... ఏ ఊరి అంచనా పత్రం తీసినా దాదాపు ఇదే వరుస. పొద్దున్నే గుంపులుగా నడవడానికి వచ్చేవారికి ఇది సుఖమే. అయితే ఆ గుంపుల్లోనే మెడలో బైనాక్యులర్ వేసుకున్నవాళ్లు, పక్షి కూతను ఫోనుకు వినిపించి పేరు కనుక్కునేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. వాళ్లు అడిగేది వేరు: చెరువు బాగుపడిన కొద్దీ పిట్టలు ఎందుకు పలచబడుతున్నాయి?

కోనసీమలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, మధ్యలో వైనతేయ కోసుకుపోయే ఈ లంకల సీమలో నీటికి కొదవ లేదన్నది పైకి కనిపించే మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి చెరువుల బతుకు కాలువ గేట్లతో ముడిపడిపోయింది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులన్నీ నింపుకోవాలి; తిరిగి నీళ్లు వదిలేదాకా వాటితోనే గడపాలి. అమలాపురం మునిసిపాలిటీ అయినా, పంచాయతీలుగానే ఉన్న రాజోలు, కొత్తపేట అయినా ఈ లెక్క తప్పదు. కాబట్టి ఇక్కడ చెరువు అంటే అందం కంటే ముందు నిల్వ. నిల్వ పెరగాలంటే లోతు తవ్వాలి, గట్టు జారకుండా రాయో సిమెంటో వేయాలి. ఇంజినీరు కోణంలో ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పక్షి కోణంలోంచి చూస్తేనే చిక్కు తెలుస్తుంది.

నీటి పక్షులన్నీ నీళ్లలో బతకవు. వాటిలో చాలా వాటికి కావలసింది నీళ్లూ నేలా కలిసే అంచు. ఉల్లంకి పిట్టలకు వేలెడు లోతు చాలు. అంతకు మించితే కాళ్లు మునిగి ముక్కు బురదకు అందదు. గుడ్డికొంగ, తెల్లకొంగలు జానెడు నీళ్లలో కదలకుండా నిలబడి వేటాడతాయి. నత్తగుల్ల కొంగ ఇంకాస్త లోతుకు దిగుతుంది. తామరాకుల మీద పొడుగాటి వేళ్లతో నడిచే జకానాకు, ఊదారంగు నీటికోడికి మొక్కలు కావాలి. మునుగుడు కోడికీ నీటికాకికీ మాత్రమే నిజమైన లోతుతో పని. గూళ్ల సంగతీ అంతే. తీతువు నేల మీదే నాలుగు గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. లకుముకి పిట్ట మట్టిగట్టుకు బొరియ తవ్వుకుని లోపల పిల్లల్ని చేస్తుంది. సుందరీకరించిన చెరువు రెయిలింగు మీద లకుముకి కూర్చున్న ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. ఆ గోడలో దానికి గూడు పెట్టుకునే చోటు మాత్రం ఉండదు.

బెంగళూరు పర్యావరణ కార్యకర్తలు ఇలా బాగుచేసిన చెరువులకు ‘సూపు గిన్నె’ అని పేరు పెట్టారు. అంచు నిటారుగా, అడుగు చదునుగా, ఎటు చూసినా ఒకే లోతు. అలాంటి చెరువులో వేలెడు లోతు, జానెడు లోతు, బురదమేట, తుంగదుబ్బు అన్నీ ఒక్కసారే పోతాయి. మిగిలేవి లోతునీటిలో మునిగి వేటాడే రెండు మూడు రకాలు, గోడ మీద నిలబడే కొంగలు, కాకులు, పావురాలు. పక్షుల సంఖ్య తగ్గినట్టు వెంటనే అనిపించదు కూడా, ఎందుకంటే కాకులూ పావురాలూ ఆ ఖాళీని నింపేస్తాయి. తగ్గేది రకాలు. నడకకు వచ్చేవాళ్లు గమనిస్తున్నది దీన్నే.

దీనికి కోనసీమ రుతువులు మరో మెలిక పెడతాయి. ఉత్తరాది దేశాల నుంచి వలస పక్షులు వచ్చేది నవంబరు నుంచి మార్చి దాకా. సరిగ్గా ఆ నెలల్లో చెరువులు నిండుగా ఉంటాయి. చెరువు అడుగున బురద తేలేది కాలువలు కట్టేశాక, నడివేసవిలో. అప్పటికి ఆ పక్షులు వెళ్లిపోయి ఉంటాయి. మరి చలికాలంలో వాటికి తిండి ఎక్కడిది? సార్వా కోతలయ్యాక తడి ఆరని మళ్లలో, దాళ్వా నాట్లకు దమ్ము చేస్తున్న చేలల్లో. పట్టణ చెరువు వాటికి పగలు కాసేపు సేద తీరే చోటు, రాత్రి గట్టు మీది చెట్లలో తలదాచుకునే చోటు. చెరువునూ చేనునూ కలిపి చూడకపోతే లెక్క కుదరదు. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, మలికిపురం, సఖినేటిపల్లి వైపు వరిచేలు రొయ్యల చెరువులుగా మారుతున్న కొద్దీ అమలాపురం చెరువు గట్టు మీద కొంగలు తగ్గితే, ఆ తప్పంతా అమలాపురం నడక దారిది కాదు. దేశవ్యాప్త చిత్రమూ ఇందుకు భిన్నంగా లేదు. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక దీర్ఘకాల ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టాయని చెప్పింది. బాతులు, బురదనేలల పిట్టలు తగ్గుతున్నవాటి వరుసలో ఉన్నాయి. కోకిల, నెమలి, పావురం లాంటివి పెరుగుతున్నాయి.

ఇక్కడ ఒక దురభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. తెలుగు పత్రికల్లో కొంగలు గుంపుగా వాలితే చాలు, అవి సైబీరియా నుంచి వచ్చిన అతిథులైపోతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు; తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలు; వీటిలో ఏదీ సైబీరియా పక్షి కాదు. అన్నీ దక్షిణాసియావే. వానలను, నీటిని బట్టి వందల కిలోమీటర్లు చోటు మారతాయంతే. సైబీరియా, మధ్య ఆసియాల నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టల్లో అనేక రకాలు, కోరింగ బురదమేటల్లో చలికాలం గడిపే గ్రేట్ నాట్ లాంటివి. ఈ తేడా పండితుల సరదా కోసం కాదు. పరాయి దేశపు చుట్టాలైతే మూడు నెలలు మర్యాద చేసి సాగనంపితే సరిపోతుంది. ఇక్కడే పుట్టి ఇక్కడే పిల్లల్ని చేసే పక్షులైతే ఏడాది పొడవునా చెట్టు, చెరువు, చేను మూడూ చూపించాలి. విధానం మొత్తం ఈ ఒక్క విషయం మీద మారిపోతుంది.

చెట్టు పోతే ఏమవుతుందో గోదావరి జిల్లాలకు తెలియని కథ కాదు. కొల్లేరు దగ్గర సారేపల్లిలో గూడబాతుల భారీ స్థావరాన్ని 1946లో కె.కె. నీలకంఠన్ వెలుగులోకి తెచ్చినప్పుడు అక్కడ దాదాపు 3 వేల పక్షులు గూళ్లు కట్టి ఉన్నాయి. 1975 నాటికి ఆ స్థావరం కనుమరుగైంది. అవి మళ్లీ పెద్ద సంఖ్యలో ఆటపాకకు చేరాక గూళ్ల కోసం అటవీ శాఖ ఇనుప స్టాండ్లు నిలబెట్టాల్సి వచ్చింది. గుంటూరు పక్కన ఉప్పలపాడు మాత్రం మరో సంగతి చెబుతుంది. అది అభయారణ్యం కాదు, ఊరి చెరువు. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల్లో పిల్లల్ని చేస్తాయి. పక్కనే జనం బతుకుతుంటారు. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు ఇంకా ముందే మేల్కొన్నారు. పక్షులను వేటాడకుండా అడ్డుకునే హక్కును 1798లో చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ నుంచి రాయించుకున్నారు. వాళ్ల వాదన సున్నితమైన ప్రేమ ఏమీ కాదు: పక్షి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారిస్తే పంట బాగా వస్తుందని.

ఆ రెట్టలే ఇప్పుడు అభ్యంతరాల్లో మొదటిది. తాగునీటి చెరువులో వందల పక్షులు వాలితే నీరు చెడుతుందన్న ఇంజినీర్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అదే నీటిలో కాలువ వెంట ఊళ్ల మురుగు ఎంత కలిసి వస్తోందో చూస్తే కొంగ వాటా ఎంతో తేలుతుంది. శుద్ధి చేయని కాలువ నీటిని ఎలాగూ నేరుగా కొళాయిలకు వదలరు. రెండో అభ్యంతరం చేపల పాటదారులది. పంచాయతీ చెరువు పాట మీద వచ్చే ఆదాయం చిన్న ఊళ్లకు చిన్నది కాదు. పాట పాడినవాడికి నీటికాకి శత్రువు. రొయ్యల రైతు భయం ఇంకా గట్టిది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ కోస్తాను కుదిపేసిన జ్ఞాపకం ఇంకా చెరిగిపోలేదు. కాకి, కొంగ ఒక చెరువులోంచి జబ్బు రొయ్యను నోట కరుచుకుని ఇంకో చెరువులో జారవిడిస్తే పంట పోతుందని చెరువు మీద అడ్డంగా తాళ్లు, వలలు కట్టడం ఇప్పుడు సాగులో భాగమైపోయింది. ఆ వలల్లో చిక్కి చచ్చే పక్షుల లెక్క ఎవరి దగ్గరా లేదు.

మూడోది దోమలు, పాములు. ఒడ్డున తుంగ, గడ్డి వదిలితే రెండూ చేరతాయన్నది నడకకు వచ్చేవాళ్ల భయం. డెంగీ దోమ ఇళ్ల చుట్టూ కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో, మూతలేని తొట్లలో పెరుగుతుందే తప్ప చేపలున్న చెరువులో కాదు. దోమలకు విరుగుడుగా చెరువుల్లో వదిలే గంబూసియా చేప ఇక్కడిది కాదు, అమెరికా నుంచి తెచ్చుకున్నది. కప్ప గుడ్లనూ తోకకప్పలనూ మింగేస్తుందని ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం దాన్ని స్థానిక జీవులకు ముప్పుగా అధికారికంగా గుర్తించింది. కప్పలు పోతే దోమ పిల్లలను తినేదెవరన్న ప్రశ్న మళ్లీ మొదటికి తెస్తుంది. పాముల భయం నిజమే. దానికి జవాబు గడ్డిని మొత్తం పీకేయడం కాదు, నడక దారిని గడ్డికి పది అడుగులు ఎడంగా వేయడం. ఇక గుర్రపు డెక్క విషయంలో మాత్రం పక్షి ప్రేమికులు మొహమాటపడనవసరం లేదు. చెరువు మొత్తం కమ్మేస్తే కింద చేపకూ పైన పిట్టకూ ఊపిరాడదు, తీయాల్సిందే.

చట్టం ఏమంటోంది? ఇక్కడే అసలు ఖాళీ కనిపిస్తుంది. 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు నదీ పాయలను, వరిపొలాలను, తాగునీటి కోసం మనుషులు తవ్విన జలాశయాలను, ఆక్వా సాగు, ఉప్పు తయారీ, వినోదం, సాగునీటి కోసం కట్టినవాటిని నిర్వచనంలోంచే తీసేశాయి. ఆ జాబితాను కోనసీమ పటం మీద పెట్టి చూస్తే దాదాపు ఏమీ మిగలదు. ఇక్కడి ప్రతి నీటి చుక్కా ఎవరో ఒకరు కాలువ తవ్వి తెచ్చిందే. 1971 రామ్‌సార్ ఒప్పందం మాత్రం సహజమైనవీ, మనిషి చేసినవీ అన్న తేడా పెట్టదు. 2008లో ఆ ఒప్పంద దేశాలు వరిపొలాలను చిత్తడి నేలలుగా ప్రత్యేకంగా గుర్తిస్తూ తీర్మానమే చేశాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు 2.25 హెక్టార్లకు మించిన 2 లక్షల 31 వేల పైచిలుకు చిత్తడి నేలలను క్షేత్రస్థాయిలో సరిచూడాలని రాష్ట్రాలను ఆదేశించడం మేలైన మలుపే. కానీ 2.25 హెక్టార్లంటే అయిదున్నర ఎకరాలకు పైమాట. చిన్న ఊరి కోనేరు ఆ వడపోతలో నిలవదు. ఆక్రమణల సంగతైతే 2001లో హించ్‌లాల్ తివారీ కేసు, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసు చెరువులను ఊరుమ్మడి ఆస్తిగా నిలబెట్టాయి. చెరువును చెరువుగానే ఉంచి దాని ఒడ్డును చంపేస్తే ఆ తీర్పులకు పని ఉండదు.

దారి లేదని కాదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏ స్థానిక సంస్థ అయినా తన పరిధిలోని చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రతిపాదించవచ్చు. మనుషులు తవ్విన చెరువులకు అక్కడ తలుపు మూసి లేదు. హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది, పూర్తిగా మానవ నిర్మితం. 2016 నవంబరులో దానికి ఆ హోదా దక్కింది, అదీ దేశంలోనే ఒక పట్టణ చెరువుకు తొలిసారిగా. ఆ తర్వాత కూడా చుట్టూ కాలనీలు పెరుగుతూ మురుగు దిగుతూనే ఉందన్నది అక్కడి పక్షి ప్రేమికుల ఫిర్యాదు. బోర్డు పెట్టినంత మాత్రాన మురుగు కాలువ దారి మార్చుకోదు. మురుగు మళ్లింపునకు ఎవరి బడ్జెట్ నుంచి డబ్బు వస్తుందో రాయని హోదా ఆ మేరకే పనిచేస్తుంది.

ఇతర దేశాలు ఇదే ముడిని నాలుగు రకాలుగా విప్పాయి. లండన్ నగరానికి తాగునీరిచ్చే వాల్తంస్టో జలాశయాలు పదింటిని 2017లో పక్షుల నెలవుగా జనానికి తెరిచారు. ఇప్పటికీ అవి లక్షల మందికి నీళ్లిస్తున్నాయి, వాటి మధ్య దీవుల్లో కొంగలు గూళ్లు కడుతున్నాయి. తాగునీటికీ పక్షికీ పొసగదన్న వాదనకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు. సింగపూర్ బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి 2012 నాటికి వంపులు తిరిగే, మొక్కల గట్లున్న ఏరుగా మార్చింది. భూమికి బంగారం ధర పలికే చోట కట్టిన సిమెంటును తిరిగి తవ్విపోశారంటే ముందు కట్టిన తీరు ఖరీదైన తప్పని ఒప్పుకున్నట్టే. మనం మాత్రం సింగపూర్ ఫొటోలు చూపించి సిమెంటు పోస్తున్నాం. మూడోది హాంకాంగ్, ఆక్వా రైతులకు పనికొచ్చేది. అక్కడ 2012 నుంచి చేపల చెరువుల రైతులతో ఒప్పందాలు నడుస్తున్నాయి. పట్టుబడి అయ్యాక నీటిమట్టం తగ్గించి, అడుగున మిగిలిన చిల్లర చేపను కొన్నాళ్లు కొంగలకు వదిలితే రైతుకు ప్రభుత్వ నిధి నుంచి పైకం ముడుతుంది. వైరస్ భయం ఉన్న రొయ్యల చెరువులకు ఇది తగకపోవచ్చు. కోనసీమలోని చేపల చెరువులకు అతకకపోవడానికి కారణం కనిపించదు. నాలుగోది జపాన్. అక్కడ కబుకురి మడుగును చుట్టూ ఉన్న వరిపొలాలతో కలిపి 2005లో రామ్‌సార్ స్థలం చేశారు. అక్కడి రైతులు చలికాలంలో పొలాలకు నీరు పెట్టి అడవి బాతులకు చోటిస్తారు, ఆ బియ్యాన్ని ఆ పేరుతో ఎక్కువ ధరకు అమ్ముకుంటారు.

ఇదంతా అమలాపురం స్థాయికి దిగితే కావలసినవి పెద్ద పనులు కావు. నడక దారి వేయవచ్చు, నాలుగు వైపులా కాకుండా మూడు వైపులా. నాలుగో వైపు గట్టును అయిదారడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా వదిలి, తుంగ పెరగనిస్తే చాలు. పోయే నిల్వ సామర్థ్యాన్ని మధ్యలో కాస్త లోతు తవ్వి పూడ్చుకోవచ్చు. తవ్విన మట్టిని లారీలకెత్తకుండా మధ్యలోనే దిబ్బగా పోసి రెండు తుమ్మలు, ఒక కానుగ నాటితే గూళ్లకు ఇనుప స్టాండ్ల అవసరం రాదు. ఫౌంటెన్ లైట్లు రాత్రి ఒక వేళకు ఆపేయడానికి డబ్బే అక్కర్లేదు. ఇంటి తాగునీటికి వాడని పాత కోనేర్లను ఈ పనికి ముందుగా ఎంచుకుంటే ఇంజినీర్లతో పేచీ కూడా ఉండదు. పాట ఆదాయం పోతుందనే పంచాయతీకి ఆ మేరకు జిల్లా నుంచి సర్దుబాటు చేయాలి. ఆ మాట లేకుండా పంచాయతీ సర్పంచ్‌ను త్యాగం చేయమనడం న్యాయం కాదు.

అన్నిటికంటే ముందు లెక్క కావాలి, అది ఇప్పుడు లేదు. కొబ్బరిచెట్లు, పడవలు చూపించి కోనసీమను కేరళతో పోల్చడం అందరికీ అలవాటే. కానీ కేరళ వాళ్లు 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా వాలంటీర్లతో రాష్ట్రమంతా గళ్లు గీసి, వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి పక్షులను లెక్కించి 361 జాతులతో అట్లాస్ తయారు చేశారన్న పోలిక ఎవరూ తేరు. అక్కడ ఏ చెరువు మీద ప్రాజెక్టు వచ్చినా ముందు ఏముండేదో చూపించే కాగితం ఉంది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో కోరింగకు చోటుంది, పట్టణ చెరువులకు దాదాపు లేదు. పొద్దున్న నడిచే బృందాలు వారానికి ఒకసారి, ఒకే చెరువు చుట్టూ, ఒకే వేళకు, కనిపించిన రకాలూ సంఖ్యా రాసి, పక్షుల నమోదుకు వాడే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చేర్చితే రెండు చలికాలాల్లో మునిసిపల్ కౌన్సిల్ ముందు పెట్టదగిన ఆధారం తయారవుతుంది. కాలువలు కట్టేసి చెరువులు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లోనే పూడికతీత, గట్టు పనులు మొదలవుతాయి కాబట్టి, ఆ కాగితం మార్చి నెలాఖరుకల్లా మునిసిపల్ ఇంజినీరు బల్ల మీద ఉండాలి.